నురుగు చావని సీస

నాకు అక్షరం వచ్చింది నలభై తొమ్మిదో ఏట. అంతకు ముందు అన్నిటికీ వేలిముద్రే. అందుకని నా రాతల ఒత్తులు తప్పితే తప్పనీయుండ్రి, చెప్పేది మాత్రం సక్కగ చెప్త. నేను చేసిన తప్పు ఒకటున్నది. ఇంకెవరో చెప్పేకన్న నేనే చెప్పుడు మంచిది.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియల, మల్లాపూర్ దిక్కు పోయే తొవ్వల ఒక ల్యాబుండె. కోళ్ల రోగాలకు టీకాలు చేసే కంపెనీది. ఒక దిక్కు టీకాల పని, ఇంకో దిక్కు పరిశోధన. పరిశోధన దిక్కున నేను పదకొండేండ్లు సీసలు కడిగిన. ఆ జాగ ఒకప్పుడు వరిపొలం. మాది కాదు, పక్కోళ్లది. కాని ఆ మడిల నేను నాటేసిన, కలుపు తీసిన. మడి మూలకు ఒక బావి ఉండె. రాళ్లు, మట్టి, పాత టైర్లు ఏసి దాన్ని పూడ్చి, మీదికెల్లి గోడలు లేపిన్రు. సరిగ్గ ఆ బావి జాగలనే వచ్చింది చీకటి రూము.

అది మైక్రోస్కోపు పెట్టిన రూము. వెలుతురు రాకుంట కిటికీకి నల్లకాయితం అంటించిన్రు, తలుపుకు నల్లగుడ్డ ఏలాడదీసిన్రు. పట్టపగలు పోయినా లోపల అమాసనే. మైక్రోస్కోపు మోటరు సన్నగ గుయ్యిమంటుంటది. ఆ చప్పుడు కాళ్ల కిందికెల్లి వచ్చినట్టే ఉంటది. కింద బావి ఉన్నదని అందరికీ చెప్పింది నేనే. చెప్పకుంట ఉంటే అయిపోతుండె.

ఆ రూముల ఎక్కువ కూసునేది ఒక పిల్ల. గుంటూరు దిక్కుకెల్లి వచ్చింది, డాక్టరేటు కోసం చదువుతున్నది, హబ్సిగూడ హాస్టల్ల ఉంటుండె. నన్ను అమ్మా అని పిలిచేది. నేను నలుగుట్ల మేడం అంటుంటి, ఇద్దరమే ఉంటే బిడ్డా అంటుంటి.

నాకు చదువు చెప్పింది ఆ పిల్లనే. కడిగే రూముల గోడకు ఒక కాయితం ఉండె, సీస ఎట్ల కడగాలె, మంచినీళ్లతోని ఎన్నిసార్లు తొలవాలె అని. నాకు చదువు రాదని తెలిస్తే పని తీసేస్తరేమో అని దాని దిక్కు చూసుకుంట కడిగేదాన్ని. ఒకనాడు ఆ పిల్ల వచ్చి నిలవడ్డది.

“అమ్మా, ఇది తలకిందులుగా అంటించారు కదా?”

“ఉంటే ఏంది?” అన్న.

“ఎప్పటినుంచి ఇలా ఉంది?”

ఎప్పటికెల్లో నాకేం తెలుసు. గోడకు సున్నం ఏసినప్పుడు తీసి మళ్ల అంటించిన్రు, అప్పటికెల్లే కావచ్చు. అంటే రెండు నెలలు నేను తలకిందుల కాయితం చదువుకుంట కడిగిన. ఆ పిల్ల నవ్వలే. కాయితం తిప్పి అంటించి పోయింది. తెల్లారి మధ్యాహ్నం డబ్బా తిన్నంక ఒక ఖాళీ సీస తెచ్చింది. సీసల మీద పేర్లు రాసే మైనపు పెన్సిలుతోని దాని మీద ‘అ’ అని రాసి నా ముందల పెట్టింది. ఇంకో సీస మీద ‘ఆ’. సాయంత్రం వాటిని నేనే కడిగేదాన్ని, మర్నాడు మళ్ల రాసేది. గట్ల ఎనిమిది నెలలు. ఒకనాడు ఉప్పల్ బస్టాండుల ఎవ్వరినీ అడగకుంట బోర్డు చదివి బస్సెక్కిన. కిటికీ పక్కన కూసోని ఏడిచిన, కండక్టరు టికెట్ పైసల కోసం ఏడుస్తున్నదేమో అనుకున్నడు.

చదువు వచ్చినంక కడిగే రూము రిజిస్టరు నాకే ఇచ్చిన్రు. తారీఖు, ఎవరి సీసలు, ఎన్ని, దేంతోని కడిగిన్రు, ఎన్నిసార్లు తొలిచిన్రు. ‘దేంతోని’ అన్న గడిల ‘ల్యాబు సబ్బు’ అని రాయాలె, ‘తొలుచుడు’ గడిల ఏడు. పై గడిల ఉన్నది చూసి కింది గడిల దింపేదాన్ని. అక్షరాలు గుండ్రంగ రావాలె అన్న ధ్యాసే గని, రాసేది నిజమా కాదా అన్న ధ్యాస నాకు లేకుండె.

ఒక పగటిపూట ఆ పిల్ల నన్ను చీకటి రూముల కూసోబెట్టి, మైక్రోస్కోపుకు కన్ను పెట్టమన్నది. నల్లటి చీకట్ల ఆకుపచ్చగ మెరిసేది ఒకటి కనబడ్డది. కణమట. పొదిగే గుడ్డుల ఉన్న కోడిపిల్లకెల్లి తీసిన కణం. దాని అంచు సన్నగ వెలుగుతున్నది. ఆ అంచు మీద అక్కడక్కడ వెలుగు ఎక్కువైన మచ్చలు. ఆ మచ్చల దగ్గర ఎర్రచుక్కలు, ముద్ద ముద్దగ.

“ఎర్రగా ఉన్నవి కొక్కెర తెగులు వైరస్‌లమ్మా. కనపడాలని రంగు వేశాం.”

కొక్కెర తెగులు సంగతి నాకు ఒకరు చెప్పాల్నా. నేను కాపురానికొచ్చిన కొత్తల మా ఇంట్ల పంతొమ్మిది కోళ్లుండె. ఒక పొద్దుగాల గంప ఎత్తితే ఒక్క దాని చప్పుడు లేదు. మెడలు వెనక్కి మెలివడి, ముక్కులు మీదికి పెట్టి నిలవడ్డయి. రెండు మూడు ఉన్న జాగలనే గిర్రగిర్ర తిరుగుతున్నయి. మీదికెల్లి ఎవరో పిలుస్తుంటే విన్నట్టు అన్నీ ఒక్క దిక్కే చూస్తున్నయి. నేను కూడ తల ఎత్తి చూసిన. ఏం లేదు, ఉత్త మబ్బు. మూడు దినాలల్ల గంప ఖాళీ. ఆ చూపు మటుకు నాకు పోలే.

“గింత చుక్కనా గంత పని చేసింది?” అన్న. “ఇది లోపలికి ఎట్ల పోతది?”

“ఎక్కడ పడితే అక్కడ నుంచి పోదమ్మా. కణం చుట్టూ ఉన్న పొర కొవ్వుతో తయారైంది. పల్చగా, కదులుతూ ఉంటుంది. కానీ అంతా ఒకేలా ఉండదు. కొన్ని చోట్ల కొలెస్ట్రాల్ చేరి గట్టిపడుతుంది, తెప్పల్లా తేలుతుంటాయి ఆ ముక్కలు. ఆ మచ్చలు అవే. వైరస్‌కి కావలసిన పట్టు అక్కడే ఉంటుంది. అక్కడికి చేరిందనుకోండి, పొర లోపలికి గుంట పడి, దాన్ని చుట్టుకుని, లోపలికి లాక్కుంటుంది.”

“ఏది లాక్కుంటది, వైరసా?”

“కాదు. కణమే లాక్కుంటుంది. తనకి కావలసిందేదో వచ్చిందనుకుని.”

నాకు చల్లారిన మేకకాళ్ల పాయ గిన్నె యాదికొచ్చింది. మీద తేలే కొవ్వు అంతట ఒక్క తీరుగ పరుచుకోదు. బిళ్లలు బిళ్లలుగ పేరుకుంటది, గిన్నె కదిపితే బిళ్లలు కదులుతయి. గదే చెప్పిన. “సరిగ్గా అదేనమ్మా!” అని ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. నాకు నవ్వు రాలే. దొంగ గోడ దుంకి వస్తడనుకున్న. ఇంటామెనే లోపలికి పిలిచి పీట ఏస్తదని అనుకోలే. మా కోళ్లు కూడ గట్లనే పిలుచుకున్నయా అని ఇంటికి పోయేదాక అదే సోయి.

ఆమె పరీక్ష ఏందంటే, కొన్ని పళ్లేలల్ల కణాలను ఏం చెయ్యకుంట ఉంచుతది. వాటిల్లకు వైరస్ పోవాలె. ఇంకొన్నిట్ల మందు పోసి పొరలకెల్లి కొలెస్ట్రాల్ తీసేస్తది. వాటిల్లకు పోవద్దు. ఈ రెండూ పక్కపక్కన చూపెడితేనే డాక్టరేటు. మూడేండ్లకెల్లి గదే పని.

అప్పుడు తెలంగాణ కోసం బంద్‌లు జోరుగున్నయి. ఒకసారి ల్యాబు సబ్బు డ్రమ్ము రాలే. ఆ సబ్బు నాకు పడకపోతుండె కూడ, వేళ్ల నడుమ తోలు చీలి నెత్తురొచ్చేది. ఇంట్ల కుంకుడుకాయలున్నయి. తలకు గదే, పట్టుచీరకు గదే, వెండి పట్టగొలుసులకు గదే. దంచి, వేడినీళ్లల్ల నానబెట్టి, పిసికి, వడగట్టి తీస్కపోయిన. కడిగితే అద్దం తళతళ మెరిసింది. చేతులు మానినయి.

వారానికి డ్రమ్ము వచ్చింది. మిగతోళ్ల సీసలు మళ్ల ల్యాబు సబ్బుతోనే కడిగిన. ఆ పిల్ల సీసలకు మటుకు కుంకుడు ఇడువలే. నాకు అక్షరం పెట్టిన పిల్లకు అందరి తీరుగనే కడిగియ్యాల్నా? బ్రష్షుకు మెత్తటి చీరముక్క చుట్టి, పసిపిల్లకు తానం పోసినట్టు కడిగేదాన్ని. కాయితం మీద ఏడుసార్లు తొలవాలె అని ఉన్నది. అప్పటికి నేను చదవగలను. కాని నీళ్లు తక్కువ వస్తుండె, కుంకుడు ఏం చేస్తదిలే అని మూడుసార్లకే బోర్లించేదాన్ని. రిజిస్టరుల మాత్రం పై గడిల ఉన్నదే కింది గడిల: ల్యాబు సబ్బు, ఏడు.

నెల తిరగకముందే మొదలైంది. ఏం చెయ్యని పళ్లేలల్ల కూడ వైరస్ లోపలికి పోతలేదు.

“చూడండమ్మా” అని నన్ను మళ్ల కూసోబెట్టింది. చూసిన. కణాలు సక్కగనే ఉన్నయి. కాని మచ్చలు లెవ్వు. అంచంత ఒక్క తీరుగ ఉన్నది, కండ్లు ముక్కు లేని మొహం లెక్క. ఎర్రచుక్కలు ముద్దగ లెవ్వు. అంచు పొంటి చెదిరి, ఒక్కొక్కటి ఒక్కొక్క జాగల ఆగి ఉన్నయి. దేనికోసమో తడుముకుంటున్నట్టు.

“బయటే నిలబడి ఉన్నాయి. గంట దాటినా, రెండు గంటలు దాటినా అక్కడే” అన్నది ఆ పిల్ల.

మిగతోళ్ల పని మంచిగనే వస్తున్నది. ఈమెకు ఒక్కదానికే రాదు. మధ్యల ఒక వారం బాగనే వచ్చింది, మళ్ల అదే తీరు. ఆవిరి మిషన్ల సీసలు ఉడకబెట్టేటాయన ఒకాయన ఉండె, చిల్కానగర్ ఆయన, అందరం మామ అంటుంటిమి. ఆయనకు నోరు ఆగదు.

“మేడం, మీ గుంటూరు వైరస్‌కు మా తెలంగాణ కణం గేటు తీస్తలేదు.”

“వైరస్ ఇక్కడిదే మామా. కోడి కూడా ఇక్కడిదే. గుంటూరు నుంచి వచ్చింది నేనొక్కదాన్నే.”

“గదే మరి! మీరు జర బయట నిలవడుండ్రి. అవి అవి మాట్లాడుకుంటయి.”

మొదట్ల ఆమె నవ్వేది. రెండు నెలలైనంక నవ్వుడు బందయింది. చీకటి రూము తలుపు సందు ఇడిసి కూసునేది. పని లేకున్న నన్ను పక్కన కూసోమనేది. ఒకనాడు చీకట్లకెల్లి అడిగింది.

“అమ్మా, ఆ బావి ఎంత లోతు ఉండేది?”

“తొంగి చూస్తే నీళ్లు కనబడకపోతుండె. మన మాట మనకే తిరిగొస్తుండె.”

“అందులో ఎవరైనా పడ్డారా?”

“పడలే” అన్న. నిజంగనే ఎవ్వరూ పడలే. కాని ఎవరన్న పడ్డరా అని యాది చేసుకుంట జర ఆగి చెప్పిన. ఆ పిల్ల నా మాట ఇనలే, ఆ ఆగుడు ఇన్నది. కాళ్లు ఎత్తి కుర్చీ మీద పెట్టుకున్నది.

తెల్లారి మామ నిమ్మకాయ, మిరపకాయలు తెచ్చి చీకటి రూము తలుపుకు కట్టిండు. అంత చదువుకున్న పిల్ల దాన్ని తీసెయ్యమనలే. పోయేటప్పుడు అది తలకు తగలకుంట వంగి పోయింది.

ఆ వారమే ల్యాబును చూసుకునే పెద్ద సార్ ఆమెను వరండల నిలబెట్టి అన్నడు. నేను సీసల ట్రే పట్టుకొని అక్కడనే ఉన్న.

“అందరికీ వస్తోంది, నీకే రావడం లేదు. తప్పు వైరస్‌ది కాదమ్మా, నీ చేతిది. సోమవారం దాకా చూస్తాను. రాకపోతే ఈ పరిశోధన మూసేసి టీకాల సెక్షన్‌లో కూర్చో.”

మూడేండ్ల చదువు సోమవారం దాక. ఆ పిల్ల సరే సార్ అని తన చేతుల దిక్కు చూసుకున్నది.

శుక్రవారం మధ్యాహ్నం కడిగే రూముకు ఒక సీస పట్టుకొచ్చింది. కణాలను కడిగే ఉప్పునీళ్ల సీస అది. కిటికీ వెలుతురుకు పెట్టి ఊపి, బల్ల మీద పెట్టింది.

“ఇది ఉత్త ఉప్పునీళ్లే కదమ్మా. నురుగెందుకు వస్తోంది?”

ఇద్దరం చూసుకుంట నిలవడ్డం. ఉప్పునీళ్ల నురుగు ఊపంగనే వస్తది, చూస్తుండంగనే పోతది. ఇది పోలే. సీస మెడ కాడ సన్నటి తెల్ల వలయం లెక్క నిలిచి ఉన్నది. ఆమె పోయి డబ్బా తిని వచ్చింది, ఇంకా ఉన్నది. నాకు ఆ నురుగు తెలుసు. వారం వారం నా తలల ఉండే నురుగు అది.

“నీళ్ల గుణం కావచ్చు బిడ్డా” అన్న.

ఎందుకన్న? పని పోతదని కొంత. కాని పని కన్న ఎక్కువ, రిజిస్టరు యాదికొచ్చింది. పేజీలకు పేజీలు గుండ్రటి అక్షరాలు. ఆ పిల్ల నేర్పిన అక్షరాలతోనే, ఆ పిల్ల సీసల ఎదురుంగనే, దినాం అబద్ధం దింపిన.

ఆదివారం తలకు పోసుకుందామని కూసున్న. గిన్నెల కుంకుడు రసం పిసికితే నురుగు మీదికి లేచింది. చూసుకుంట కూసున్న. నీళ్లు చల్లారినయి, నురుగు దిగలే. నా చేతుల తోలు దిక్కు చూసుకున్న. దీని కింద ఎన్ని అంచులో, ఏ అంచు మీద ఏది వచ్చి నిలవడ్డదో, దేన్ని నేను నాదనుకొని లోపలికి లాక్కుంటున్ననో. ఒళ్లంత చీమలు పాకినట్టయింది. ఇన్ని దినాలు ఆ పిల్ల చీకట్ల కాళ్లు ముడుచుకొని భయపడేది బావికి. ఆ రూముల ఉన్నది బావి కాదు. నేను. నా చెయ్యి సీసల మిగిలిపోయి, దినాం ఆ పిల్ల కన్న ముందే లోపలికి పోయి కూసుంటున్నది.

నీళ్లు పారబోసి, తల కట్టుకొని లేచిన.

సోమవారం పొద్దుగాల ఆమె రాకముందే పోయి చీకటి రూము కాడ నిలవడ్డ. వచ్చింది, నిమ్మకాయ కింద వంగబోయింది.

“వంగకు బిడ్డా. బావి లేదు, ఏం లేదు. నీ సీసలు నేను కుంకుడుకాయతోని కడిగిన.”

అర్థం కాలే ముందుగల. మళ్ల చెప్పిన.

“కుంకుడుకాయా? ఎందుకమ్మా?”

“మంచిగ కడుగుదామని.”

“అందరివీనా?”

“సబ్బు రాని వారం అందరియి. అటెన్క నీయి ఒక్కటే.”

ఆమె తలుపుకు ఆనుకున్నది. అరిస్తే బాగుండు అనిపించింది నాకు. అరవలే.

“కుంకుడులో ఉండే నురుగు పదార్థం కొలెస్ట్రాల్‌ని పట్టుకుంటుందమ్మా” అన్నది, పాఠం చెప్పినట్టే. “పొరలో నుంచి లాగేస్తుంది. ఎక్కువైతే కణం చచ్చిపోయేది, నాకు తెలిసిపోయేది. కొంచెమే మిగిలింది. నేను మందు పోసి తీయాల్సినదాన్ని మీరు ముందే కడిగేశారు.” ఆగి అన్నది, “ఏ రోజు నుంచి? రిజిస్టర్‌లో చూద్దాం.”

“రిజిస్టరుల లేదు. అబద్ధం రాసిన.”

అప్పుడు చూసింది నా మొహం దిక్కు. ఆ చూపు గురించి నేను రాయ. 

తర్వాత తన నోటుబుక్కు తీసింది. “మధ్యలో ఒక వారం బాగా వచ్చింది కదా, ఇదిగో. ఆ వారం సీసలు ఎవరు కడిగారు?” మా చెల్లె బిడ్డ పెండ్లికి పోయిన నేను. మామ కడిగిండు, ల్యాబు సబ్బుతోని, అందరి తీరుగ.

ఇద్దరం సార్ కాడికి పోయినం. సార్ ముందు నమ్మలే. రెండు సీసలు తన ఎదురుంగ కడగమన్నడు, ఒకటి కుంకుడుతోని మూడుసార్లు తొలిచి, ఒకటి ల్యాబు సబ్బుతోని ఏడుసార్లు తొలిచి. కడిగిన. ఇంకో రోజు గడువిచ్చిండు. రిజిస్టరు నా ముందల పెట్టి, “నిజం రాయి” అన్నడు. ‘ఈ మేడం సీసలు నేను కుంకుడుకాయతోని కడిగిన. మూడుసార్లే తొలిచిన. పైన రాసింది తప్పు’ అని రాసిన. పై గడి చూడకుంట సొంతంగ రాసిన మొదటి మాటలు అవే. అక్షరాలు గుండ్రంగ రాలే.

అటెన్క సంగతి ఇప్పుడే చెప్తే అయిపోతది. నన్ను కడిగే రూములకెల్లి తీసి ఊడ్చే పనికేసిన్రు. న్యాయమే. ఆ పిల్ల నాకు మళ్ల చదువు చెప్పలే, కాని అమ్మా అనుడు మానలే. మామ నిమ్మకాయ తియ్యాల్నా అని అడిగితే, “ఉండనీయండి మామా, ఎండిపోయాక అదే పడిపోతుంది” అన్నది.

మంగళవారం మధ్యాహ్నం నన్ను చీకటి రూముకు పిలిచింది. సార్ అప్పటికే చూసిపోయిండట. ఏం చూసిండో ఆమె చెప్పలే. “మీరే చూడండి” అన్నది.

మొదటి పళ్లెం కుంకుడు సీసది. అదే కండ్లు లేని అంచు, అదే చెదిరిన ఎర్రచుక్కలు. నా చేతి పని అక్కడ నిలవడి నన్ను చూస్తున్నట్టే ఉన్నది. ఆమె రెండోది పెట్టింది. అంచు మీద మచ్చలు మళ్ల వెలిగినయి. ఎర్రచుక్కలు మచ్చల కాడ ముద్దగ ఉన్నయి, అంచు అక్కడక్కడ లోపలికి వంగింది. కాని నేను చూస్తున్న కణం కాడ అన్నీ అంచు మీదనే ఉన్నయి, లోపల ఒక్కటి కనబడలే. ఇంత చేసినా పోలేదా?

‘పో’ అన్న లోపల్లోపల. ‘పో, లోపలికి పో.’

“పక్కదానికి జరపండమ్మా, ఆ చక్రం కొంచెం తిప్పండి” అన్నది ఆమె నా చెవి కాడ.

తిప్పిన. పక్క కణం వచ్చింది. దాని అంచు ఖాళీగ ఉన్నది. ఎర్రచుక్కలు నడుమల, లోపలికంట పోయి, గుండ్రంగ చేరి ఉన్నయి. దాని పక్కది కూడ గంతే. దాని పక్కది కూడ.

“పోయినయి బిడ్డా!” అన్న. నా నోట్లకెల్లి ఆ మాట సంబరంగ వచ్చింది. ఆమె నా భుజం పట్టుకొని ఏడుస్తున్నదో, నవ్వుతున్నదో, చీకట్ల నాకు తెల్వలే. నేను కన్ను తియ్యలే. మెడలు మెలివడ్డ నా పంతొమ్మిది కోళ్లు నా ఎన్క నిలవడి, ముక్కులు మీదికి పెట్టి, నేను దేన్ని లోపలికి పొమ్మని మొక్కిననో ఇంటున్నట్టు అనిపించింది. ఎన్కకు తిరిగి చూడాలంటే భయమైంది.